గాలి కబురు

అద్దానికి ఇవతల నేను, మీటల ముందు.
అవతల తియోదులో అబయోన్, మైకు ముందు.
ఎడమ చేతిలో వార్తలు, కుడి చేతిలో ప్రకటనలు.
గొంతు మాత్రం ఒక్కటే.

సమార్ తీరంలో మాదో చిన్న రేడియో.
తియోకి జీతం లేదు.
పొద్దున ఆరు నుంచి ఏడు దాకా గాలిని
నెలకింతని కొనుక్కుంటాడు,
చేపను కోసినట్టు కోసి అమ్ముకుంటాడు.
తల రేకుల కొట్టుకి,
నడుము సార్డీన్ కార్ఖానాకి,
తోక శవపేటికల బెర్నాల్దోకి.
మిగిలిన ముల్లు మీద
ఏ కాస్తో అంటుకుని ఉండేదే వార్త.

మధ్యలో కీళ్ళనొప్పుల తైలం ఒకటి.
గొంతు తగ్గించి, ఇంటి మనిషిలా అనేవాడు:
"ఇది ప్రకటన కాదమ్మా,
నా సొంత మోకాలు చెబుతున్న మాట."
ఆ నెల తైలం బాగా పోయింది.

ఇది చదవొద్దని ఎవరూ అనలేదు మాతో.
అది చెప్పాలి ముందు.
ఏటి మూతి దగ్గర చేపలు తెల్లగా తేలిన రోజు
తియో రాత్రంతా కూర్చుని రాసుకొచ్చాడు,
కార్ఖానా గొట్టం సంగతి, నీళ్ళ రంగు సంగతి.
మేనేజరమ్మ రెమెదియోస్ కాగితం చింపలేదు,
కళ్ళజోడు సవరించుకుని అడిగింది, అంతే:
"వాళ్ళ చెక్కు వచ్చిందా, తియో?"

అతను పెన్సిలు తీశాడు.
గొట్టం పోయి
'తెలియని కారణం' వచ్చింది.
పెన్సిలు గీకుడు మైకులో వినబడదు,
అద్దం లోంచి కనబడుతుంది.
నేను చూశాను.
చూసి ఊరుకున్నాను.
మా పిల్లాడి ఉబ్బసం మందు ఆ చెక్కులోంచే వస్తుంది,
ఆ ఉప్పు నేనూ తిన్నాను.

ఊరికి చెవులున్నాయి.
చేపల బజారులో ఆడవాళ్ళు
"ఇదిగో, డబ్బా మాట్లాడుతోంది" అని నవ్వేవాళ్ళు.
వార్తలప్పుడు రేడియో తగ్గించి
మరణ ప్రకటనలకి పెంచేవాళ్ళు.
పోయినవాళ్ళ పేర్లు ఒక్కటే నమ్మేవాళ్ళు,
వాటికి డబ్బు కట్టేది బెర్నాల్దో అయినా.

నవంబరులో ఓ పొద్దున
మూడో నంబరు హెచ్చరిక వచ్చింది.
వాతావరణం రేకుల కొట్టువాళ్ళది.
ముందు సుత్తి చప్పుడు, వెనక సుత్తి చప్పుడు,
నడుమ తుఫాను.
ఒప్పందం అది.
నేను మీట నొక్కాను. టక్ టక్ టక్.

రేవులో కాసియానో వల సర్దుతూ అన్నాడట:
"రేకులు కదలడం లేదు కాబోలు, పాపం."
పక్కవాళ్ళు నవ్వారట.
పడవ నీళ్ళలోకి తోశాడు.

తియో చెయ్యెత్తి నన్ను ఆపాడు.
సుత్తి లేకుండా మళ్ళీ చదివాడు.
మళ్ళీ.
కాగితం వదిలేసి అరిచాడు,
"ఇది ప్రకటన కాదు! ప్రకటన కాదు!"

అప్పుడు చూశాను అతని ముఖం.
అన్న మాట అతనికీ వినబడింది.
ఊరంతటికీ తెలిసిన మాటే.
మోకాలి మాట.

మూడో రోజుకి జనరేటరు పెట్టి గాలిలోకొచ్చాం.
పేర్లు చదివాడు తియో. పందొమ్మిది.
కాసియానోది పన్నెండోది.
గొంతు వణకలేదు, అలవాటైన గొంతు.
కప్పు ఎగిరిపోయిన ఇళ్ళలో
తడిసిన రేడియోలన్నీ పెంచి విన్నారు,
నమ్మారు.

పేర్ల తర్వాత సుత్తి చప్పుడు ఉంది, పట్టికలో.
మీట మీద వేలు.
అద్దానికి అవతల అతను తల దించుకున్నాడు.
ఎక్కడి నుంచో మైకులోకి
సముద్రం వినబడుతోంది, దానికి ఎవరూ డబ్బు కట్టలేదు.

పదకొండు సెకన్లు.

తర్వాత నొక్కాను.
టక్ టక్ టక్.

ఆ వారం రేకులన్నీ అమ్ముడుపోయాయి.
ఆ పదకొండు సెకన్ల ఖరీదు
నా జీతంలో కోశారు.
లెక్క చూసుకున్నాను.
సరిగ్గానే కోశారు.